క్రిస్మస్ మే నెలలో వస్తే? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఒక పాఠకుడు "క్రిస్మస్‌ని వేసవి సెలవుల్లోకి మార్చేస్తే పిల్లలకు హాయి కదా" అని సరదాగా ఓ ముక్క రాస్తే వేశాం. దాని మీద ఇన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు వస్తాయనుకోలేదు. కొందరు కోప్పడ్డారు, కొందరు లెక్కలు కట్టి పంపారు, ఒకాయన ఏకంగా జూన్ నెల క్యాలెండరు గీసి పంపాడు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే. కోప్పడ్డవాళ్ళకి ముందే చెప్తున్నా, ఇది పండగని ఎగతాళి చేసే వ్యవహారం కాదు, తేదీ మీద చర్చ క్రైస్తవంలో చాలా పాతదే.

ప్రశ్న: బైబిల్లో యేసు పుట్టిన తేదీ లేదని మా లెక్చరర్ అన్నారు. మా పాస్టరుగారిని అడిగితే "తేదీ కాదు బాబూ, పుట్టినవాడు ముఖ్యం" అన్నారు. అసలు డిసెంబరు 25 ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: మీ లెక్చరర్ చెప్పిందీ నిజమే, మీ పాస్టరుగారు చెప్పిందీ నిజమే. సువార్తలు రాసిన నలుగురిలో మత్తయి, లూకా పుట్టుక గురించి రాశారు, మార్కు, యోహాను ఆ జోలికి పోలేదు, రాసిన ఇద్దరిలోనూ ఒక్కరైనా ఏ నెలో చెప్పలేదు. లూకా రెండో అధ్యాయంలో గొర్రెల కాపరులు రాత్రిపూట పొలంలో మందను కాచుకుంటున్నారని ఉంటుంది. దాన్ని పట్టుకుని, బేత్లెహేము కొండల్లో డిసెంబరంటే చలి, వాన, మంద బయట ఎలా ఉంటుంది, కాబట్టి ఇది ఏ మార్చిలోనో సెప్టెంబరులోనో జరిగి ఉండాలని వాదించేవాళ్ళున్నారు. అక్కడ చలికాలంలో కూడా మందలు బయటే ఉంటాయి అని తిప్పికొట్టేవాళ్ళూ ఉన్నారు. నా మటుకు నాకు ఆ ఒక్క వాక్యం మీద అంత బరువు మోపడం సరికాదనిపిస్తుంది. లూకా రాసింది సువార్త, వాతావరణ నివేదిక కాదు.

మొదటి రెండు శతాబ్దాల్లో క్రైస్తవులకు పండగంటే పునరుత్థానమే, అంటే యేసు చనిపోయి తిరిగి లేచిన ఈస్టరు. పుట్టినరోజు గురించి కుతూహలం మెల్లగా మొదలైంది. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ అనే పండితుడు, కొందరు ఈజిప్టు నెల పాఖోన్ 25వ తేదీ అంటున్నారని రాశాడు, మన క్యాలెండరులో అది మే 20. ఇంకొందరు ఏప్రిల్ 19 లేదా 20 అన్నారట. అంటే మన పాఠకుడు సరదాకి అన్న ఎండాకాలం క్రిస్మస్‌ని 1800 ఏళ్ళ కిందటే సీరియస్‌గా లెక్కగట్టినవాళ్ళు ఉన్నారు! డిసెంబరు 25 అని స్పష్టంగా కనిపించే పాత ఆధారం రోములో 354లో తయారైన ఒక క్యాలెండరు, అందులో ఆ తేదీ ఉన్న జాబితా 336 నాటిదని చరిత్రకారుల అంచనా.

ఆ తేదీయే ఎందుకన్నదానికి రెండు వాదాలు ఉన్నాయి. రోమన్లకు డిసెంబరు 25 అంటే పొద్దు మళ్ళీ పెరగడం మొదలయ్యే రోజు, 274లో అరీలియన్ చక్రవర్తి సూర్యదేవుడికి రోములో కొత్త గుడి కట్టించాడు, ఆ సూర్యుడి పండగ స్థానంలో ఈ పండగ వచ్చిందన్నది ఒక వాదం, వాట్సాప్‌లో తిరిగేది ఇదే. రెండోది అంతగా ఎవరికీ తెలియదు గానీ నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. యేసు సిలువ మరణం మార్చి 25న జరిగిందని అప్పట్లో కొందరు లెక్క వేశారు, మరియ గర్భధారణ కూడా అదే తేదీన జరిగి ఉండాలని నమ్మారు, మార్చి 25కి తొమ్మిది నెలలు కలపండి, ఎక్కడ తేలతారో చూడండి. ఏది నిజమో తేల్చే కాగితం ఎవరి దగ్గరా లేదు. కానీ ఒకటి మాత్రం ఖాయం, ఆ తేదీ నిర్ణయించినవాళ్ళకి మంచు, క్రిస్మస్ తాత, కేకు ఏవీ బుర్రలో లేవు.

ప్రశ్న: మాది బందరు దగ్గర పల్లెటూరు. నాకు నలభై ఏళ్ళు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి క్రిస్మస్ అంటే చలి, పాటలు, నక్షత్రాలు. మా ఊళ్ళో ఇదే పండగ మే నెలలో వస్తే ఎలా ఉండేదో కొంచెం ఊహించి రాయండి.
– గృహిణి, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ నక్షత్రం సంగతి చూద్దాం. డిసెంబరులో మీ ఊళ్ళో ఆరు కొట్టకముందే చీకటి పడుతుంది, స్విచ్చి వెయ్యగానే వసారాలో వేలాడే నక్షత్రం వీధంతా కనిపిస్తుంది. మే నెలలో ఆరున్నర దాటినా వెలుతురు పోదు, నక్షత్రం వెలిగించి ప్రయోజనం ఉండాలంటే ఏడు దాటాలి. మన దగ్గర పొడుగు పగలుకీ పొట్టి పగలుకీ తేడా రెండు గంటలే, లండన్‌లోలాగా డిసెంబరులో పగలు ఎనిమిది గంటల్లోపే ముగిసిపోవడం మనకు లేదు. అయినా ఆ కాస్త తేడా పండక్కి సరిపోతుంది.

ఆ తర్వాత కేరల్స్. రాత్రి తొమ్మిదికి చర్చి దగ్గర బయల్దేరి, ట్రాక్టరు ట్రక్కులో జనరేటరు, కీబోర్డు, ప్యాడ్స్ ఎక్కించుకుని, మంకీ క్యాపులు లాక్కుంటూ ఇల్లిల్లూ తిరిగి, ప్రతి ఇంట్లో టీ, బిస్కెట్లు, కానుక కవరు తీసుకుని తెల్లవారుజామున మూడింటికి ఇల్లు చేరే మన యౌవనస్థులు మే నెల ఉక్కపోతలో రెండో వీధి దాటతారా? దాటతారనుకోండి, కుర్రాళ్ళు కదా. కానీ డిసెంబరులో నిద్ర లేపితే దుప్పటి కప్పుకుని నవ్వుతూ తలుపు తీసేవాళ్ళు మే నెలలో ఆల్రెడీ ఆరుబయట మంచాల మీద నిద్రపట్టక దొర్లుతూ ఉంటారు. అప్పుడు వచ్చేవి ఆశీర్వాదాలో శాపనార్థాలో చెప్పలేం. క్రిస్మస్ తాత వేషం వేసే కుర్రాడి గురించి అసలు మాట్లాడొద్దు, ఎర్ర కోటు, దూది గడ్డం, నలభై డిగ్రీలు.

24 రాత్రి కొవ్వొత్తుల ఆరాధన గుర్తు చేసుకోండి. లైట్లన్నీ తీసేసి, ఒకరి కొవ్వొత్తి నుంచి ఇంకొకరు వెలిగించుకుంటూ వెళ్తారు. కొవ్వొత్తులు ఆరకూడదంటే ఫ్యాన్లు ఆపాలి. మే నెలలో మూడు వందల మంది ఉన్న రేకుల షెడ్డు చర్చిలో ఫ్యాన్లు ఆపి, మూడు వందల కొవ్వొత్తులు వెలిగించి, ఒక పాట మొత్తం పాడి చూడండి. పాస్టరుగారు రెండో చరణం కోసేస్తారు.

ఇవన్నీ పైపై మాటలు, అసలు తేడా పొలంలో ఉంది. డెల్టాలో వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో అవుతాయి. యేసు పుట్టుకకి గుర్తుగా చర్చిలో పశువుల పాక కట్టేది ఆ కోతల తాజా గడ్డితోనే, ఆ వాసనే వేరు. అరిసెలకి కొత్త బియ్యం వచ్చేదీ అప్పుడే. మన పల్లెల్లో క్రైస్తవ కుటుంబాల్లో ఎక్కువమంది కూలికి వెళ్ళేవాళ్ళు, కోత కూలి చేతిలో పడ్డ నెలలో పండగ రావడమంటే పిల్లలకి కొత్త బట్టలు అప్పు లేకుండా రావడం. అదే మే నెలలో చూడండి, కాలువలు కట్టేస్తారు, చేలు నెర్రెలిచ్చి ఉంటాయి, ఉపాధి హామీ పని తప్ప వేరే పని దొరకదు, ఆ డబ్బులు ఎప్పుడు పడతాయో బ్యాంకుకే తెలియాలి. పోనీ జులై, ఆగస్టు అంటారా, నాట్ల కాలం, ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో వంగి ఉంటారు, ఇంటికొచ్చి జంతికల పిండి కలిపే ఓపిక ఎవరికుంటుంది? పైగా వాన. కాగితం నక్షత్రాలు, మైదా పిండితో అంటించిన రంగు తోరణాలు ఒక్క జల్లుకి గోడల మీదికి రంగు కారతాయి. అక్టోబరు, నవంబరులంటే తుఫాన్ల నెలలు. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి దివిసీమ చుట్టుపక్కల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇంత చెప్పాక నాకు అనిపించేదేంటంటే, చలికాలం పండగని దొరలు తెచ్చి మన నెత్తిన పెట్టారు అంటుంటారు గానీ, రోములో ఎవరో వేసిన లెక్క మన డెల్టా కోతలకి సరిగ్గా అతికింది. ఇది కేవలం యాదృచ్ఛికం. కానీ ఆ యాదృచ్ఛికం లేకపోతే ఈ పండగ మన ఊళ్ళల్లో ఇంత పెద్దదయ్యేదా అన్నది నా అనుమానం.

ఒక్క లాభం మాత్రం ఒప్పుకోవాలి. మే నెలలో ఎలాగూ పిల్లలకి సెలవులు, చర్చిల్లో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి నడిపే బైబిలు బడి) క్లాసులు పెడతారు, డ్రామాలకీ డాన్సులకీ బోలెడు టైము దొరికేది. డిసెంబరులో ఇక్కడ పరీక్షలు, అక్కడ జ్ఞానుల వేషం రిహార్సలు, రెండూ కలిసి పిల్లలకి టెన్షన్.

ప్రశ్న: మా చర్చిలో క్రిస్మస్ చెట్టు మీద దూది ఎందుకు అంటిస్తారు? మాకు మంచు పడదు కదా!
– ఆరో తరగతి, నర్సరావుపేట

జవాబు: మంచు పడదు కాబట్టే దూది. చలిదేశాల గ్రీటింగ్ కార్డుల్లో చూసిన చెట్టుని మనవాళ్ళు సరుగుడు కొమ్మతో చేశారు, మంచుని దూదితో చేశారు. సరుగుడూ మనదే, పత్తీ మీ జిల్లా చుట్టుపక్కలదే, కాబట్టి ఆ చెట్టు అచ్చంగా మీదే. అగరొత్తులు, కొవ్వొత్తులు మాత్రం దాని దగ్గర పెట్టకు, దూది గప్పున అంటుకుంటుంది.

ప్రశ్న: మా అక్కావాళ్ళు మెల్‌బోర్న్‌లో ఉంటారు. ప్రతి డిసెంబరులో నిక్కర్లు వేసుకుని బీచ్‌లో ఫొటోలు పంపి "హ్యాపీ క్రిస్మస్" అంటారు. వాళ్ళకి అసలు పండగ ఫీలింగ్ వస్తుందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఎందుకు రాదు! క్రిస్మస్ ఎండాకాలంలో వస్తే ఎలా ఉంటుందో ఊహించక్కర్లేదు, భూమధ్యరేఖకి కింద ఉన్నవాళ్ళంతా ఎప్పట్నుంచో అదే చేస్తున్నారు. తేదీ మారకుండా కాలం మారిపోయిన పండగ అది, మన ప్రశ్నకి తలకిందుల రూపం అన్నమాట.

అక్కడ స్థిరపడ్డ ఆంగ్లేయులు మొదట్లో మొండిగా ఇంగ్లండులోలాగే కాల్చిన మాంసం, వేడి వేడి పుడ్డింగు మండుటెండలో తిన్నారు. ఇప్పటికీ తినే ఇళ్ళున్నాయి. కానీ మెల్లగా వంటిల్లు ఎండకి లొంగిపోయింది. చల్లటి హ్యామ్, రొయ్యలు, చెర్రీలు, మామిడి పళ్ళు, పెరట్లో బార్బెక్యూ. డిసెంబరు 25కి మామిడిపండు! మన బంగినపల్లి ఏప్రిల్, మే నెలలది కాబట్టి మనం మే నెలలో క్రిస్మస్ పెట్టుకుంటే దక్కే రెండో లాభం ఇదేననుకుంటా. చెట్టు విషయంలో కూడా వాళ్ళు దారి వెతుక్కున్నారు, న్యూజిలాండ్‌లో డిసెంబరు వచ్చేసరికి ఎర్రగా విరగబూసే పొహుటుకావా చెట్టుని వాళ్ళు తమ క్రిస్మస్ చెట్టు అంటారు, దూది అక్కర్లేదు.

మీ అక్కగారి ఊళ్ళోనే 1938లో నార్మన్ బ్యాంక్స్ అనే రేడియో అనౌన్సరు, కొవ్వొత్తులు పట్టుకుని జనమంతా పార్కులో చేరి పాటలు పాడే కార్యక్రమం మొదలుపెట్టాడు. దాన్ని ఇప్పటికీ 24 రాత్రి చేస్తారు, టీవీలో దేశమంతా చూస్తుంది. ఆ ఆలోచన చలిదేశంలో వస్తుందా చెప్పండి. ఎండాకాలం రాత్రి కాబట్టే జనం పచ్చిక మీద చాపలేసుకుని కూర్చోగలిగారు. ఇక్కడ చిక్కేంటంటే డిసెంబరులో మెల్‌బోర్న్‌లో పొద్దు గూకేసరికి దాదాపు ఎనిమిదీ ముప్పావు అవుతుంది, కొవ్వొత్తి వెలుగు కనబడాలంటే అప్పటిదాకా ఆగాల్సిందే. ఇంకోటి, స్కూళ్ళ పెద్ద సెలవులు కూడా అప్పుడే కావడంతో క్రిస్మస్, కొత్త సంవత్సరం, వేసవి ప్రయాణాలు అన్నీ ఒకే ముద్దగా కలిసిపోతాయి. మరుసటి రోజు బాక్సింగ్ డే క్రికెట్ టెస్టు గురించి మీకు చెప్పాలా? తెల్లారుజామున అలారం పెట్టుకుని చూసే బ్యాచ్‌లో మీరూ ఉండే ఉంటారు. క్రిస్మస్ జులైలో వచ్చి ఉంటే మెల్‌బోర్న్‌లో ఆ మ్యాచే లేదు, అది వాళ్ళకి చలికాలం.

అయినా చలి మీద మోజు పోలేదు. సిడ్నీకి పడమరగా బ్లూ మౌంటెన్స్ అనే కొండ ప్రాంతం ఉంది, అక్కడి హోటళ్ళు 1980ల నుంచి జూన్, జులై, ఆగస్టుల్లో చలిమంటలు వేసి, వేడి పుడ్డింగు వడ్డించి ఉత్తుత్తి క్రిస్మస్ జరుపుతున్నాయి. డబ్బులిచ్చి మరీ వెళ్తారు. ఆరాధనేమీ ఉండదు, భోజనం, చెట్టు, చలి మాత్రమే. తేదీ నుంచి కాలాన్ని విడదీస్తే రెండు పండగలు బయటపడ్డాయి, ఒకటి చర్చిది, ఇంకోటి హోటలుది.

భూమధ్యరేఖకి దక్షిణాన అసలు తలకిందులైంది పోలికలు. లూకా లెక్క ప్రకారం బాప్తిస్మమిచ్చు యోహాను యేసు కంటే ఆరు నెలలు పెద్ద, అందుకని యోహాను పుట్టినరోజుని జూన్ 24న పెట్టారు. "ఆయన హెచ్చాలి, నేను తగ్గాలి" అని యోహాను అన్నాడు కదా, దానికి తగ్గట్టే యోహాను పండగ తర్వాత పగళ్ళు తగ్గుతాయి, క్రీస్తు పండగ తర్వాత పెరుగుతాయి అని పాత ప్రసంగీకులు మురిసిపోయి చెప్పేవారు. ఆస్ట్రేలియాలో ఆ ప్రసంగం చెప్తే సరిగ్గా ఎదురు తిరుగుతుంది, అక్కడ క్రిస్మస్ అవగానే పగళ్ళు తగ్గడం మొదలు! అక్కడి పాదిరీలు చీకట్లో వెలుగు అన్న మాటని ఆకాశం సాయం లేకుండానే చెప్పుకోవాలి, చెప్పుకుంటున్నారు కూడా.

ప్రశ్న: ప్రభుత్వం ఆర్డరేస్తే పండగ తేదీ మారిపోతుందా? ఎక్కడైనా అలా జరిగిందా?
– రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు

జవాబు: జీవోతో సెలవు మారుతుంది, పండగ మారడం కష్టం. క్యూబాని చూడండి. 1970లో కోటి టన్నుల పంచదార తీయాలని కాస్ట్రో లక్ష్యం పెట్టుకున్నాడు, చెరకు నరికే కాలం మధ్యలో క్రిస్మస్ వస్తోంది, పనికి అడ్డమని 1969లో ఆ సెలవు ఎత్తేశాడు. కోటి టన్నులు రాలేదు, 85 లక్షల దగ్గర ఆగిపోయింది, సెలవు మాత్రం పోయింది. పోప్ రెండో జాన్‌పాల్ 1998 జనవరిలో వస్తున్నాడని 1997 డిసెంబరులో ఆ ఒక్క ఏడాదికని తిరిగిచ్చారు, మరుసటి ఏడాది శాశ్వతం చేశారు. దాదాపు ముప్పై ఏళ్ళు. మన దగ్గర పంట కోతలు పండక్కి డబ్బు ఇచ్చాయని పైన రాశాను, అక్కడ పంట కోతే పండగని మింగింది.

వెనెజువెలాలో అప్పటి అధ్యక్షుడు మదురో దీనికి ఉల్టా. 2024 జులై ఎన్నికల మీద గొడవలు నడుస్తుండగా సెప్టెంబరులో టీవీలోకి వచ్చి, ఈసారి క్రిస్మస్ అక్టోబరు 1నే మొదలవుతుందని ప్రకటించాడు. అలా ముందుకు జరపడం ఆయనకు అదే మొదటిసారి కూడా కాదు. అక్కడి కథోలిక బిషప్పులు, క్రిస్మస్ డిసెంబరు 25న మొదలవుతుంది, రాజకీయాలకి వాడుకోవద్దు అని జవాబిచ్చారు. దీపాలు అక్టోబరులో వెలిగాయి, ఆరాధన డిసెంబరులోనే జరిగింది.

సోవియట్ రష్యాలో చెట్టుని కూడా నిషేధించి, 1935 చివర్లో మళ్ళీ అనుమతించారు, కానీ క్రిస్మస్ చెట్టుగా కాదు, నూతన సంవత్సరం చెట్టుగా. ఇప్పటికీ రష్యాలో కానుకలు, తాత, చెట్టు అన్నీ డిసెంబరు 31వే. అధికారం గట్టిగా పట్టుబడితే పండగలోంచి చెట్టుని ఊడబీకి వేరే రోజుకి కట్టొచ్చన్నదానికి ఇదొక్కటే నాకు గట్టి ఉదాహరణగా కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఆఫీసులో ఒక ఇథియోపియా అమ్మాయి జనవరి 7న క్రిస్మస్ అని స్వీట్లు పంచింది. వాళ్ళ తేదీ తప్పా, మనది తప్పా?
– దుబాయ్ నుంచి రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: తప్పొప్పులు కాదు, క్యాలెండర్ల తేడా. జూలియస్ సీజర్ పెట్టిన పాత క్యాలెండరు ఏడాదిని పదకొండు నిమిషాలు ఎక్కువ లెక్కపెట్టింది, అది పేరుకుని పేరుకుని ఇప్పుడు 13 రోజుల తేడా అయింది. 1582లో పోప్ గ్రెగరీ సరిచేశాడు గానీ రష్యా, సెర్బియా వంటి చోట్ల ఆర్థడాక్సు చర్చి పాతదాన్నే పట్టుకుంది. వాళ్ళకి డిసెంబరు 25 వచ్చేసరికి మన గోడ మీద జనవరి 7 ఉంటుంది. ఇథియోపియావాళ్ళది వేరే క్యాలెండరు అయినా మామూలుగా అదే రోజు పడుతుంది. 2101 నుంచి ఇది జనవరి 8కి జరుగుతుంది, మన మనవలు చూసుకుంటారు.

తమాషా చూడాలంటే బేత్లెహేముకే వెళ్ళాలి. ఒకే చర్చి ఆవరణలో డిసెంబరు 25న కథోలికులు, జనవరి 7న గ్రీకు ఆర్థడాక్సువాళ్ళు, జనవరి 19న ఆర్మేనియన్లు. ఆర్మేనియన్ చర్చి పాత పద్ధతి ప్రకారం పుట్టుకనీ బాప్తిస్మాన్నీ కలిపి జనవరి 6న చేస్తుంది, ఆ పరిశుద్ధ దేశంలో మాత్రం పాత క్యాలెండరు వాడతారు కాబట్టి దానికి ఇంకో 13 కలుస్తాయి. ఊరొక్కటే, యేసు పుట్టాడని చెప్పే గుహ ఒక్కటే, క్రిస్మస్‌లు మూడు. ఊళ్ళో దుకాణాలవాళ్ళకి మాత్రం మూడు సీజన్లు.

ఈ మధ్య నిజంగా తేదీ మార్చింది ఉక్రెయిన్. 2023లో చట్టం చేసి సెలవుని జనవరి 7 నుంచి డిసెంబరు 25కి తెచ్చారు, అక్కడి ప్రధాన ఆర్థడాక్సు చర్చి కూడా ఆ ఏడాది సెప్టెంబరు నుంచి కొత్త క్యాలెండరుకి మారింది. కారణం ఖగోళం కాదని అందరికీ తెలుసు, యుద్ధం చేస్తున్న రష్యాతో ఒకే రోజు పండగ చేసుకోవడం వాళ్ళకి ఇష్టం లేదు. చలికాలం అదే, మంచు అదే, 13 రోజులు ముందుకు. ఆ 13 రోజుల్లోనే ఎంత రాజకీయం ఇమిడిందో చూశారా?

ప్రశ్న: రంజాన్‌లాగా క్రిస్మస్ కూడా ఏడాదంతా తిరిగే పండగైతే బాగుండేది కదా, అన్ని కాలాల రుచీ తెలిసేది.
– నల్గొండ

జవాబు: చంద్రుడి లెక్క కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ముప్పై మూడేళ్ళకి ఒక చుట్టు చుట్టి వస్తుంది. డిసెంబరులో ఉపవాసం సులువు, మే నెలలో గొంతు ఎండిపోతుంది, అందరికీ అన్నీ వంతులవారీగా వస్తాయి, అందులో ఒక న్యాయం ఉంది. క్రైస్తవుల్లో తిరిగే పండగ లేకపోలేదు, ఈస్టరు మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు. అందుకే ఎండల్లో క్రిస్మస్ ఎలా ఉంటుందో ఒక నమూనా కావాలంటే మన గుడ్ ఫ్రైడేని చూడండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, ఏప్రిల్ ఎండలో, సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం. విసనకర్రల చప్పుడు మైకులో వినిపిస్తుంది. అది దుఃఖ దినం కాబట్టి ఆ ఎండ కూడా ధ్యానంలో భాగమైపోతుంది, సంబరానికి అదే ఎండ ఇస్తే ఒప్పుకోం. ఈస్టరు నాడేమో తెల్లవారకముందే సమాధుల తోటలో చేరి, ఎండెక్కేలోపు ఇంటికొచ్చేస్తారు. క్రిస్మస్ మే నెలలో వచ్చినా మనవాళ్ళు చేసేది అదే, పండగ మొత్తాన్ని నాలుగింటికీ ఏడింటికీ మధ్యకి కుదించేసేవాళ్ళు.

ప్రశ్న: జులైలో క్రిస్మస్ పెడితే మాకు పిల్లల సమ్మర్ హాలిడేస్‌లో ఇండియా రావడానికి కలిసొస్తుంది. ఇప్పుడు డిసెంబరులో రెండు వారాలే దొరుకుతాయి, టికెట్లు చూస్తే గుండె ఆగుతుంది.
– డాలస్

జవాబు: టికెట్ల రేటు పండగతో పాటే జులైకి వచ్చేస్తుంది, అందులో సందేహం పెట్టుకోకండి. ఇక్కడ హైదరాబాద్‌లో మీ ఆఫీసుల కోసం పనిచేసేవాళ్ళు మాత్రం గొల్లుమంటారు, మీ క్లయింట్లు డిసెంబరు చివర్లో సెలవు మీద పోతే ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకుని, అలాగే సంక్రాంతికి ఊరెళ్ళే ప్లాన్లు వేసుకుంటారు. మీ రాష్ట్రం సంగతే ఒకటి గుర్తు చేస్తా. 1939లో థాంక్స్‌గివింగ్ నవంబరు 30న పడింది, క్రిస్మస్ షాపింగ్‌కి రోజులు చాలవని వ్యాపారులు మొత్తుకుంటే అధ్యక్షుడు రూజ్వెల్ట్ దాన్ని ఒక వారం ముందుకి, 23కి జరిపాడు. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, కొన్ని కుదరదన్నాయి, మీ టెక్సాస్ రెండు గురువారాలూ సెలవిచ్చేసింది. చివరికి 1941లో నాలుగో గురువారం అని చట్టం చేసి గొడవ సర్దారు. ఒక్క వారం జరిపితేనే ఇంత రభస, మీరు అయిదు నెలలు అడుగుతున్నారు.

ప్రశ్న: అన్నీ విన్నాం గానీ, మీ చేతిలో ఉంటే ఏ నెలలో పెడతారు? సూటిగా చెప్పండి.
– సంఘ పెద్ద, మెదక్

జవాబు: మీరు మెదక్ నుంచి అడిగారు కాబట్టి మీ కెథడ్రల్‌తోనే మొదలుపెడతా. కరువు కాలంలో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ గుడిని 1924లో ప్రతిష్ఠించింది కూడా డిసెంబరు 25నే. తెల్లవారుజాము ఆరాధనకి ఎక్కడెక్కడి నుంచో వచ్చి, లోపల చోటు లేక ఆవరణలో దుప్పట్లు పరుచుకుని పడుకునే వేలమందిని జులై వానలో ఎక్కడ పెడతారు? మే నెల మధ్యాహ్నం ఎక్కడ పెడతారు? నేను మార్చను. కచ్చితంగా మార్చాల్సిందే అని ఎవరైనా పీక మీద కూర్చుంటే ఫిబ్రవరి మొదటి సగం అంటాను. చలి పూర్తిగా పోదు, వాన రాదు, రాత్రిళ్ళు తిరగొచ్చు. విజయవాడలో గుణదల మాత తిరునాళ్ళు ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా లక్షలమందితో జరుగుతున్నాయి కదా, ఆ నెల జనాన్ని మోస్తుందని అక్కడే తేలిపోయింది. చిక్కు ఒకటుంది, గుంటూరు, పల్నాడుల్లో అప్పుడు మిరప కోతలు, కర్నూలు వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే అక్కడికి వలస వస్తాయి, ఊళ్ళో చర్చిల్లో సగం బెంచీలు ఖాళీ. పైగా ఇంటర్ పరీక్షలు నెత్తి మీద ఉంటాయి. ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో ఫిబ్రవరిలో కేరల్స్ అని ఒకసారి మాట ఎత్తి చూడండి, వాళ్ళమ్మ ఏమంటుందో మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.